దుమ్ము కూడా తుడవకండి

కారు ఎర్రగా ఉంది.

చేతిసంచీతో షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది కీర్తిప్రియ. గురువారం తను మలక్‌పేటలో తల్లి ఇంటికి బయలుదేరినప్పుడు ఆ కారు సగం పాత ఆకుపచ్చగా, సగం తుప్పుగా, పైన ఐదు నెలల దుమ్ముతో ఉంది. ఇవాళ శనివారం. పొద్దున తొమ్మిదిన్నర. ముందు బంపరు నుంచి వెనక డిక్కీ దాకా రెడాక్సైడు పూసుకుని, నిన్ననే అలికిన అరుగులా నున్నగా కూర్చుంది.

వహీద్ చేతులు కూడా మోచేతుల దాకా ఎర్రగానే ఉన్నాయి. అరవై దాటిన మనిషి. శాలిబండలో ఆయన చెయ్యి పడని సొట్ట కారు లేదంటారు. మొహమంతా నవ్వుతో ఎదురొచ్చాడు.

"ఎట్లుంది బేటీ?"

సంచీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"చూపులకొస్తున్నరు గదా! మొకం గడగకుండ పిల్లను కూసోవెడ్తమా? రెండు దినాలు సరిగ్గ ఇంటికి గూడ పోలే. యాకుత్‌పురాకెళ్లి మా బేగం బిల్కీస్ ఒకటే ఫోన్లు. పైసల ముచ్చట తియ్యకు, ముందే చెప్తున్న. ఇది నా దిక్కుకెళ్లి ఎల్లేష్‌కు."

సంచీ కింద పెట్టింది. ఇప్పుడు కోపం రావాలి కదా అనుకుంది. తను పనిచేసే ల్యాబులో రక్తం ట్యూబు మీద పేరు రాసి పక్కన పెట్టినట్టు, ఆ కోపాన్ని కూడా గుర్తుపట్టి పక్కన పెట్టింది. భర్త ఎల్లేష్ పోయి ఐదు నెలలు. అప్పటినుంచి ఆమెకు అన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టే ఉంటున్నాయి.

తలుపు మీద చేత్తో రాసి చూసింది. ఎల్లేష్ అక్కడ సుద్దతో రాసుకున్నాడు. 'ఇక్కడ కొత్త రేకు.' బానెట్ మీద ఇంకోటి. 'ఇది కోయొద్దు.' రెండింటి మధ్య అంగుళాల లెక్కలు. ఇప్పుడు చేతికి పొడి తప్ప ఏమీ తగల్లేదు.

"అన్నీ చదివే తుడిచిన," అన్నాడు వహీద్, ఆమె చెయ్యి ఎక్కడ వెతుకుతోందో గమనించి. "ఒక్కటి గూడ చదవకుండ తుడవలే, కసం."

"చాచా, మామ నీకేం చెప్పలేదా?"

"ఎవరు, శివయ్య భాయా? నాకా?" వహీద్ నవ్వు కొంచెం తగ్గింది. "ఎల్లేష్ పోయిన కాడ్నుంచి నాతోని ఒక్క మాట మాట్లాడిండా? సలాం జేస్తే గోడ దిక్కు జూస్తడు."

గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో శివయ్య ఉన్నాడు. నల్లాల డిపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి దిగిపోయిన మనిషి. కోడలు వచ్చిన అలికిడికి తల ఎత్తాడు గాని లేవలేదు.

"పిల్లకెట్లుంది?" అన్నాడు.

"జ్వరం తగ్గింది. అనూహ్యను అమ్మ దగ్గరనే ఉంచిన." ఆమె కుర్చీ దగ్గరికి వెళ్లింది. "మామా, గురువారం నీకేం చెప్పి పోయిన?"

ఆయన మోకాళ్ల వైపు చూసుకున్నాడు.

"కొనెటాయన దుమ్ము గూడ తుడవొద్దన్నడు. ఫొటోల ఎట్లుందో గట్లనే చూస్తనన్నడు. చాచా ఇంక రాలేదు, రాంగనే చెప్పు అన్ననా లేదా?"

"అన్నవ్."

"మరి?"

"వానితోటి నాకు మాటల్లెవ్వు. నీకు తెలుసు."

"నాకు ఫోన్ జేస్తే నేనే చెప్పకపోతునా?"

శివయ్య బదులు వహీదే మాట్లాడాడు, ఎర్రటి చేతులు రెండూ గాలిలో పెట్టుకుని.

"తుడవొద్దన్నడా? అరే! ఎందుకొద్దన్నడు?"

షెడ్డు బీరయ్యది, వహీద్ పని చేసుకునేదీ అందులోనే. బీరయ్య దాన్ని అమ్మేశాడు. రేపు, ఆదివారం సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలని నెల కిందటే చెప్పాడు. వహీద్ తన పనిముట్లు చాలావరకు ఇంటికి చేర్చుకున్నాడు. కారే మిగిలింది. అమెరికా కారు. మస్టాంగ్. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. మలక్‌పేటలో గుర్రాలు పెంచే ఒకాయన ఇంటి వెనక గడ్డిమోపుల కింద పడి ఉంటే ఎల్లేష్ కొనుక్కొచ్చాడు. తొమ్మిదేళ్లు, డిపోలో బస్సుల పని అయ్యాక, ఈ షెడ్డులో దీని పని.

చూడటానికి ఇప్పటిదాకా ముగ్గురొచ్చారు. ఒకడు ఇంజను ఒక్కటే చాలన్నాడు. ఒకడు అద్దాలూ తలుపులూ అడిగాడు. మూడోవాడు కిలోకింత అన్నాడు. విజయవాడ బాబురావు ఒక్కడే ఫోనులో, "ముక్కలు చేస్తే అది బండి కాదమ్మా, మొత్తంగానే చూస్తాను," అన్నాడు.

అమ్మాక ఏమవుతుందో, తను ఏమవుతుందో కీర్తిప్రియ ఆలోచించలేదు. ఒక్కటి మాత్రం ఆమెకు తెలుసు. దీన్ని కోసి తూకం వేస్తుంటే చూడటం తన వల్ల కాదు.

"రెండు దినాలు ఈడనే కూసున్నవ్ గదా మామా," అంది మళ్లీ. "చాచా గీకుడు, పుట్టీ వెట్టుడు, అంత నీ ముంగటనే అయింది. ఒక్క మాట రాలేదా నోట్లకెళ్లి?"

"ఎందుకొస్తది?" శివయ్య గొంతు ఉన్నట్టుండి లేచింది. కోడలితోనే అంటున్నాడు గాని ఆ మాటలు ఎవరి కోసమో అందరికీ తెలుసు. "పొద్దంత డిపోల జేసి వస్తుండె పోరడు. వచ్చి మల్ల దీని కింద దూరుతుండె. ఇంటికి వోయి పండుకోరా అని చెప్పెటోడు లేకుండె. చాయ్ తెచ్చి పోసి, నిద్ర లేకుండ చేసెటోడుండె."

"చాయ్ పోస్తే మనిషి సస్తడా శివయ్య భాయ్?" అన్నాడు వహీద్ మెల్లగా.

శివయ్య గోడ వైపు తిరిగాడు.

"చూసినవా బేటీ? గిదే ఐదు నెలలకెళ్లి."

కారు చుట్టూ ఒక ఈగ తిరుగుతోంది. కీర్తిప్రియ దాన్నే చూస్తూ నిలబడింది. శివయ్య మొహం గోడ వైపే ఉంచి అన్నాడు.

"ఆ సప్పుడు."

"ఏం సప్పుడు?"

"గీకే సప్పుడు. బేస్తారం పొద్దుగాల నువ్వు పోయినంక ఇంట్లున్న. షెడ్డుల మొదలైంది. వాడే ఉన్నడనుకున్న, ఒక్క గడియ. తర్వాత యాదికొచ్చింది." ఆగాడు. "ఆపుమనబుద్ధి గాలే."

వహీద్ చేతులు కిందికి దించేశాడు.

*

బాబురావు పదకొండు కొట్టకముందే వచ్చాడు. ఆటో సందులోకి రానంటే పెద్దరోడ్డు నుంచి నడిచొచ్చాడట, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. లావుపాటి మనిషి, మాటకు ముందు నవ్వు వస్తుంది. కారును చూశాక ఆ నవ్వు రాలేదు.

"అమ్మా," అన్నాడు కాసేపటికి. "నేను చూస్తానన్నది జబ్బు మనిషిని. మీరు పెళ్లికూతుర్ని కూర్చోబెట్టారు."

జేబులోంచి రుమాలు తీశాడు. రుమాలు మూటలో రూపాయి బిళ్లంత అయస్కాంతం ఉంది. దాన్ని కారు కప్పు మీద పెట్టాడు. అంటుకుంది. బానెట్ మీద పెట్టాడు. అంటుకుంది. ఎడమ తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, తలుపు కింది అంచున పెట్టాడు. అయస్కాంతం జారి, టక్కున నేల మీద పడింది.

తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

మూడోసారి పెట్టలేదు.

"ఇక్కడ ఇనుము లేదండీ. ఉంటే అర అంగుళం లోపలుంది. పైనంతా పుట్టీ." లేచి నిలబడి, మోకాలు దులుపుకున్నాడు. "ఎవరు చేశారిది?"

"మేమే చేపిచ్చినం," అంది కీర్తిప్రియ.

"ఎవరితో? మీ ఆయన ఉండగానే చేశాడా?"

ఔననడానికి ఒక్క మాట చాలు. పోయిన ఎల్లేష్‌ను ఎవరూ నిలదీయలేరు. వహీద్ పరువు వహీద్‌కు ఉంటుంది. ఆమె ఆ మాట కోసం చూసుకుంది, కానీ ఎంత దగ్గరున్నా అది నోటి దాకా రాలేదు.

"నహీ సాబ్," అన్నాడు వహీద్. "ఎల్లేష్ గిట్ల చెయ్యడు. గిట్ల చేసెటోడైతే తొమ్మిదేళ్లెందుకు పట్టె? నేను చేసిన. నిన్న, మొన్న."

"ఎందుకు చేశారు?"

"మంచిగ కనవడాలని."

బాబురావు ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాడు. కోప్పడలేదు.

"మీ చెయ్యి మంచిదే. అతుకు ఎక్కడుందో నా కంటికి తెలియలేదు, అయస్కాంతం చెప్పాల్సి వచ్చింది. కానీ పెద్దాయనా, తుప్పు కనపడితే నేను భయపడను. ఎంత తిన్నదో చూసుకుని అంత రేకు వేస్తాను. కనపడకపోతే ఏమని వెయ్యను?" కీర్తిప్రియ వైపు తిరిగాడు. "అమ్మా, ఇంజను విప్పి డబ్బాల్లో పెట్టారన్నారు. అది ఇవ్వండి. గేర్‌బాక్సు, అద్దాలు, కాగితాలు. రేపు మనుషుల్ని పంపి తెప్పించుకుంటాను. బాడీ ఇక్కడే వాళ్లెవరికైనా ఇచ్చుకోండి."

"ముక్కలు జేస్తే బండి కాదన్నరు మీరే."

"అన్నానమ్మా. ఆ ఫొటోల్లో బండి గురించి అన్నాను. ఒక్కో మచ్చ పక్కన సుద్దతో రాసుకున్నాడు చూడండి, అది చూసి, ఈ మనిషి దాచిపెట్టే రకం కాదు అనుకున్నాను."

షెడ్డు రేకుల మీద పిల్లి ఏదో పరిగెత్తింది.

"గీకేస్తే?" అంది కీర్తిప్రియ.

"ఆఁ?"

"ఇదంత గీకేస్తే చూస్తరా?"

బాబురావు గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం రైలుకు వెళ్లిపోవాలి. నాలుగింటికి ఒకసారి వస్తాను. ఈ ఎడమ పక్కన్నా రేకు కనపడనివ్వండి. చూశాక చెప్తాను. మాటివ్వను సుమా."

*

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, వహీద్ ఆమె దగ్గరికొచ్చాడు.

"గీకొద్దు బేటీ."

"ఎందుకు?"

"పోనీ. ఇంజనన్న మంచి చేతికి పోతది. గంతే అనుకో."

"ఎందుకు చాచా?"

వహీద్ తలుపు కింది అంచు వైపు చూశాడు. "మంచిగ కనవడాలని అన్న గదా. సగమే చెప్పిన. అండ్ల బొక్క ఉన్నది. చెయ్యి పట్టేంత. లోపలి పట్టీ మొత్తం మన్నైంది. దుమ్ముకు ఫొటోల కనవడలే. నేను గీకుతుంటే వేలు లోపలికి వొయింది. ఈయన చూస్తే ఉరుకుతడు."

"అంటే దాచినవ్."

"దాచిన. నీ కోసమే దాచిన."

"అమ్మేది నేను. రేపు ఆయన విజయవాడల విప్పి చూస్తే ఎవర్ని అంటడు? నిన్నంటడా? ఎల్లేష్ పెండ్లాం మోసం జేసిందంటడు."

"బేటీ!"

"కాదా?"

ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే వహీద్ తట్టుకునేవాడేమో.

"మరి ఆయన చూసి పోతే?"

"పోతడు."

"రేపు పొద్దుమీకి బీరయ్య తాళం ఏస్తడు. కిలోల లెక్క పోతది ఇది."

"పోతది."

"గంత సల్లగ ఎట్లంటవ్?"

ఎట్లా అంటుందో ఆమెకూ తెలియదు. గోడకి వేలాడుతున్న గీకుడు పట్టీ తీసుకుని, చీర కొంగు నడుముకు చెక్కుకుని, ఎడమ తలుపు ముందు కూర్చుంది. మొదటి దెబ్బకి ఎర్రపూత మీద గీత మాత్రమే పడింది. రెండో దెబ్బకి పెచ్చు లేచింది. కింద పుట్టీ లేత పసుపుగా, పచ్చి పిండిలా ఉంది.

"గట్ల కాదు. పడగొట్టినట్టు కాదు. పండవెట్టి నూకు." వహీద్ పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి పట్టీ తీసుకున్నాడు. తను రెండు రోజులు పెట్టినదాన్ని తనే తీయడం మొదలుపెట్టాడు. కాసేపటికి, ఎవరూ అడగకుండానే, "మా ఉస్తాద్ జూస్తే చెంప వగులగొడ్తుండె," అన్నాడు.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. శివయ్య వచ్చి, పెట్టెలోంచి ఇంకో పట్టీ ఏరుకుని, వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. వహీద్ ముందు నుంచి, శివయ్య వెనక నుంచి. ఒకరినొకరు చూసుకోలేదు. గరగరమని రెండు పట్టీలూ ఒకదాని తరవాత ఒకటి మోగుతుంటే, కీర్తిప్రియ చీపురు తెచ్చి పొడి ఊడ్చింది. మధ్యాహ్నం పక్కనే ఉన్న ఇంట్లో అన్నం వండి తెచ్చింది. ముగ్గురూ షెడ్డులోనే కూర్చుని తిన్నారు. శివయ్య నీళ్ల చెంబు తాను తాగి, తమ ఇద్దరి మధ్య నేల మీద పెట్టాడు. వహీద్ దాన్ని తీసుకుని తాగాడు.

*

నాలుగు దాటి పది నిమిషాలకు బాబురావు వచ్చేసరికి ఎడమ పక్కంతా రేకు బయటపడింది. ఆయన చెప్పులు విప్పేలోపలే కీర్తిప్రియ అంది.

"ముందు ఇది చూడండి."

తలుపు కింద బొక్క నల్లగా, అంచులు చిరిగి ఉంది. బాబురావు కూర్చుని చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా లోపలికి పోయింది. బయటికి తీస్తే గుప్పెడు తుప్పు పొడి వచ్చింది. దాన్ని అరచేతిలో పట్టుకునే అడిగాడు.

"మీకిది తెలుసా?"

"పొద్దున తెల్వదు. మీరు పోయినంక తెల్సింది."

"ఇంకా ఉన్నాయా?"

ఆమె వహీద్ వైపు చూసింది. చెబితే ఏం పోతుందో ఆయనకు తెలుసు.

"ఏడు," అన్నాడు.

"చూపిస్తారా?"

కుడి పక్కన ఇంకా ఎర్రపూత అలాగే ఉంది. వహీద్ దాని మీద చెయ్యి ఆనించి నడిచాడు. "ఈడ ఒకటి, చిన్నది." బాబురావు తాళంచెవితో గీకాడు. తాళంచెవి లోపలికి దిగింది. "ఈడ పొడుగ్గ. వేలు దూరది, బ్లేడు దూరుతది." గీకాడు. నిజమే. "డిక్కీ కింద రెండు. ఒకటి పాతది, దాని మీద ఎప్పుడో ఎవడో అతుకేసిండు. ఆ అతుకు తియ్యొద్దని ఎల్లేష్ రాసిండు, ఎందుకంటే దాని ఎనకనే నంబరు కొట్టి ఉన్నది." అలా ఏడూ అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు.

బాబురావు నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మొత్తం తీసుకుంటానమ్మా," అన్నాడు. "రేపు పొద్దున్నే లారీ వస్తుంది. డబ్బాలు, బోల్టులు, అన్నీ. ఒక్క ముక్క కూడా వదలను."

కీర్తిప్రియకు ఏమీ అనిపించలేదు. పొద్దున శివయ్య కూర్చున్న కుర్చీలో కూర్చుంది.

"కానీ ఒక మాట. ఈ పెద్దాయన కూడా రావాలి."

"యాడికి?" అన్నాడు వహీద్.

"విజయవాడకి. మా షెడ్డు పక్కనే గది ఉంది, మీ ఆవిడని కూడా తీసుకురండి. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. జీతం ఇస్తాను. ఈ బండి లోపల ఎక్కడేముందో చదువుకున్న మనిషి పోయాడు. ఆయన రాసినవి చదివి తుడిచేసిన మనిషి మీరు. మీరు లేకుండా తీసుకెళ్తే నేను కళ్లకు గంతలు కట్టుకుని పనిచేసినట్టే. మీరొస్తే బండి వస్తుంది. లేదంటే పొద్దున చెప్పిందే."

వహీద్ తన చేతుల వైపు చూసుకున్నాడు. రేపటి నుంచి వాటికి షెడ్డు లేదు. ఆ సంగతి ఆయన నెల రోజులుగా ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆ మొహంలో మెల్లగా కదిలింది ఏమిటో కీర్తిప్రియ చూసింది. ఆయనకు వెళ్లాలని ఉంది.

"బిల్కీస్‌ను అడగాలె," అన్నాడు. "ఆమెకు ఈ గల్లీలు తప్ప... అయినా అడుగుత. అడిగితే..."

"వాడు పోడు."

అందరూ వెనక్కి తిరిగారు. శివయ్య వెనక చక్రం దగ్గర నేల మీదే ఉన్నాడు. గీకుడు పట్టీ ఇంకా చేతిలోనే ఉంది. జుట్టంతా పుట్టీ పొడి పట్టి ఉంది.

"నువ్వు బండి తీస్కవోతే తీస్కవో సారు. లేకుంటే లేదు. కిలోకింత అన్నోని ఫోన్ నంబరు ఉన్నది నా తాన. వహీద్ యాడికీ పోడు."

కీర్తిప్రియ కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఐదు నెలల్లో ఈ పేరు ఆ నోట్లోంచి రావడం ఇదే మొదటిసారి.

వహీద్ నాలుగడుగులు వేసి, ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు.

"ఐదు నెలలకు నోరు దెరిచి, గిదా శివయ్య భాయ్, నువ్వు జెప్పేది?"

"గిదే."

"నేను ఈడ ఉండి ఏం జెయ్యాలె? నువ్వు మొకం తిప్పుకుంటే చూసుకుంట ఉండాల్నా?"

శివయ్య పట్టీ కొనతో నేల మీద పొడిని అటూ ఇటూ నెట్టాడు. "నువ్వు గూడ పోతే ఆ సప్పుడు పోతది," అన్నాడు.

బాబురావు కాసేపు ఆ ఇద్దరినీ చూశాడు. తరవాత చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గరికి వెళ్లి, కీర్తిప్రియ వైపు తిరిగాడు.

"నా రైలుకు టైమైందమ్మా. కాగితాల్లో పేరు మీది, చెప్పాల్సింది మీరు. రేపు లారీ పంపనా, వద్దా?"